మేకు గుర్తు

బంగారం సాగగొట్టడం మా ఇంటి పని.
ఒక్క నాణేన్ని ఎద్దుపేగు పొరల మధ్య పెట్టి
పొద్దున్నుంచి దీపాల వేళదాకా సుత్తితో మోదితే
నూరు రేకులు.
ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాలి.
ఒక్కసారి దగ్గానంటే
ఆ రోజు కూలి కిటికీలోంచి లేచిపోయి
ఆర్నో నీళ్ల మీద తేలుతుంది.

పెద్ద చర్చిలో మరియమాత వెనకున్న ఆకాశం
మా నాన్న కొట్టిన రేకులే.
అప్పట్లో ఆకాశమంటే అదే.
మబ్బు లేదు, పిట్ట లేదు, పొద్దు వాలడం లేదు.
ఎర్రమట్టి పూత మీద రేకు పరిచి
కుక్క కోరపన్నుతో మెరుగు పెడితే
కొవ్వొత్తి వెలుగుకి అది కదిలేది.
దేవుడు ఊపిరి తీస్తున్నాడనేవాళ్లు ముసలమ్మలు.
అందులో ఎవరికీ నీడ ఉండేది కాదు.
నీడ మనుషులకే,
పన్నులు కట్టేవాళ్లకే.

తర్వాత వియెరి వచ్చాడు.
చెప్పులు కుట్టే నూతో కొడుకు,
ఇరవై రెండేళ్లవాడు, గోళ్ల నిండా సున్నం.
ఉన్ని వర్తకులు వాడికొక గోడ ఇచ్చారు.
ఒప్పందం కాగితం నేనూ చూశాను.
ఇదివరకు కాగితాల్లో మొదటి మాటే బంగారం:
ఎన్ని రేకులు, ఎంత మేలిమి, ఎవరి దుకాణం.
ఈసారి రాసుకున్నది
'మొహాలన్నీ ఇతని సొంత చేత్తోనే వేయాలి' అని.
బిందో అన్న పేరు కోసం
కాగితం తిరగేసి కూడా చూశాను.
వెనక ఖాళీ.

కోపంతోనే వెళ్లాను.
వాడు పచ్చి సున్నం గోడలో మేకు దిగ్గొడుతున్నాడు.
మేకుకి దారం, దారానికి ఎర్రపొడి.
లాగి వదిలితే టప్పున ఒక గీత.
ఇంకోటి. ఇంకోటి.
నేల పలకలు, స్తంభాలు, పైకప్పు దూలాలు
అన్నీ ఆ మేకు దగ్గరికే,
పొద్దుగూకాక దొడ్డికి మళ్లిన గొర్రెల్లా.

"అక్కడేముంది?" అన్నాను.
"ఏమీ లేదు. చూపు అక్కడిదాకా పోతుంది" అన్నాడు.

గోడని తట్టాను. రాయే.
నాలుగడుగులు వెనక్కొచ్చి చూశాను.
గోడ లేదు.

అదొక్కటే అయితే గారడీ అనుకుని
ఇంటికి పోయేవాణ్ణి.
శవాల కొట్లో రాత్రిళ్లు గడిపాడని
వాడి మీద గుసగుసలుండేవి.
ఉన్నమాటే కాబోలు,
వాడు వేసిన మూటమోసేవాడి భుజంలో
చర్మం కింద తాళ్లు బిగుసుకోవడం కనపడింది.
మరియమాత మొహమైతే మరీ!
వంతెన కింద బట్టలుతికే నెన్నాది,
చలికి పగిలిన చేతులతో సహా.
పాదిరి సణిగాడు.
నెన్నా ఆదివారం వచ్చి, చాలాసేపు నిలబడి,
"నా ఎడమ కన్ను చిన్నదని ఇన్నాళ్లకి తెలిసింది"
అని గంప ఎత్తుకుని పోయింది.

ఆ గోడకి ఎడమ పక్కన నిజం కిటికీ ఉంది.
బొమ్మలో వెలుగు కూడా అటునుంచే.
మధ్యాహ్నం మూడు దాటాక
బయటి ఎండా, సున్నంలోని ఎండా
ఒకే వైపు వాలతాయి.
నెన్నా బిడ్డకి నీడ.
దేవదూత మడమ కింద కూడా
చారెడు నీడ.

ఇప్పుడు నా రేకులు
చట్రాల వాళ్లూ పుస్తకాలు కుట్టేవాళ్లూ కొంటున్నారు.
గిట్టుబాటు కాదుగానీ, బతకొచ్చు.
నా చిన్నవాడు వియెరి దగ్గర రంగులు నూరుతున్నాడు.
రాత్రి ఇంటికొచ్చాక అన్నం ముందు
చేతిని దీపానికి అడ్డంపెట్టి
వేళ్ల నీడలు గోడ మీద చూసుకుంటాడు.
వద్దనాలనిపిస్తుంది. అనను.

పరంజా విప్పిన రోజు
అందరూ కిందికి దిగారు, నేను మాత్రం ఎక్కాను.
మేకు పీకేశారు. సన్నటి చిల్లు మిగిలింది.
అంత గోడా, అన్ని గీతలూ పరుగెత్తి చేరింది
ఈ శనగగింజంత చీకట్లోకే.

జేబులో ఒక రేకు ఉంది.
వేలికి అంటించుకుని, ఊపిరి బిగబట్టి,
లోపలికి నొక్కాను.

కిందినుంచి చూస్తే ఏమీ కనపడదు.
నాణెంలో నూరో వంతు.
లెక్కల్లో రాయలేదు.